నిలవ సరుకు

హామిల్టన్,
అక్టోబరు

ఒరేయ్ డేవిడ్‌సన్,

అక్క ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తావని తెలుసు. పోయినసారి నేను మాట్లాడుతుండగానే నువ్వు ఫోన్ పెట్టేశావు. అంతకుముందు సారి నేను పెట్టేశాను. కాగితం నోరు మధ్యలో మూయించలేవు కదా, అందుకని. జవాబు కూడా కాగితం మీదే రాయి. విన్నిపెగ్ వెళ్ళాక నీ తెలుగు ఎంత గడ్డకట్టుకుపోయిందో చూస్తాను.

మా ల్యాబ్‌లోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. పేరు రిషిత. వరంగల్ వైపు పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలోనే మాస్టర్స్ చేసింది. మా డైరెక్టర్ నాతో ఒక్క మాట చెప్పకుండా తెచ్చి నా ఎదురు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. "ఫ్రెష్ ఐడియాస్ కావాలి మనకి" అన్నాడు. తాజా కూరగాయల్లా, తాజా ఐడియాలు! ఆయన తలలో ఐడియా మొలిచి ఎన్నాళ్ళయిందో ఆయన్ని పెళ్ళాడిన మహాతల్లికే తెలియాలి.

మొదటి రోజే పిల్లకి పాఠం చెప్పాను. "చూడమ్మా, ఉక్కు మీద పెయింటు ఊరికే నిలవదు. ముందు ఫాస్ఫేట్ పొర పట్టించాలి. ఆ పొర దట్టంగా, నున్నగా పట్టాలంటే ఉక్కుని ఫాస్ఫేట్ తొట్టిలో ముంచేముందు మనం చేసే ఈ తెల్ల ద్రవంలో ముంచాలి. ఇందులో కంటికి కనపడనంత సన్నటి జింక్ ఫాస్ఫేట్ రేణువులుంటాయి. అవి ఉక్కుకి అంటుకుని విత్తనాల్లా పనిచేస్తాయి. విత్తనం పడిన చోటే ఫాస్ఫేట్ పలుకు మొలుస్తుంది. విత్తనాలు సన్నగా, అన్నీ ఒకే తీరుగా ఉంటే పొర పట్టుబట్టలా వస్తుంది. లేకపోతే గోనెపట్టాలా వస్తుంది." ఫ్యాక్టరీల్లో రంగులు వేసే పెయింటు షాపుల్లో దీన్ని అందరూ పాలు అంటారనీ, ఈ ల్యాబ్ తెరిచిన నాటి నుంచీ ఆ పాలు నా చేతి మీదుగానే వెళుతున్నాయనీ కూడా చెప్పాను.

అంతా విని ఏమందో తెలుసా? "అర్థమైంది మేడమ్. కానీ మనం పెద్ద రేణువులు కొనుక్కొచ్చి మిల్లుల రుబ్బి చిన్నగ చేస్తున్నం కదా. పగలగొడితే అన్నీ ఒక్క సైజుల ఎందుకొస్తయి? చిన్నగనే పుట్టిస్తే అయిపోతది కదా."

పుట్టిస్తుందట! రెండు ద్రవాల్ని దారంలాంటి సన్నటి గొట్టంలోకి పంపితే, అవి కలిసిన చోటే రేణువులు పుట్టుకొస్తాయట, అన్నీ కవల పిల్లల్లా. మంత్రసాని వచ్చిందిరా మా ల్యాబ్‌కి. నా మిల్లు వైపు, మన తాతగారి సైకిలు వైపు నువ్వు చూసేవాడివే, అలా చూసింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీ బస్సుల ఫ్యాక్టరీ మాకు పెద్ద కస్టమర్. అక్కడ పెయింటు షాపు నీ చేతిలో ఉంది. మా పాలు ఎంత బాగా పనిచేస్తున్నాయో నాలుగు ముక్కలు రాసి, ముంచిన ఉక్కు పలక, అదే పానెల్, ఫొటో మంచిదొకటి పెట్టి పంపు. డైరెక్టర్ ముఖాన కొడతాను.

మరదలు హోప్‌ని అడిగానని చెప్పు.

అక్క,
జ్ఞానసుందరి


విన్నిపెగ్,
నవంబరు

అక్కా,

నా తెలుగుకేం తెగులు పట్టలేదు. గడ్డకట్టింది కారే. ఇంజను వెచ్చగా ఉండేలా రాత్రంతా ప్లగ్ పెట్టి ఉంచితేనే పొద్దున్న స్టార్ట్ అవుతోంది. నీకు హామిల్టన్‌లో కొండమీద ఇల్లు, కింద సరస్సు గాలి. దాన్నే నువ్వు చలి అంటావు. మా దగ్గర దాన్ని వసంతం అంటారు.

నీ ఉత్తరం హోప్‌కి చదివి వినిపించాను. నా భార్య గుణం నీకు తెలుసుగా, మెత్తగా వాత పెడుతుంది. "వదిన ఈ అమ్మాయిని కూడా మొదటి రోజే ఉప్పులో ఊరేసిందా?" అంది. నిజమే కదా అక్కా. ఇంతకుముందు నీ దగ్గర పనిచేసిన శ్రీరామ్‌ని తడిగుడ్డ అన్నావు. ఆయన మానేసి వెళ్ళి ఇప్పుడు మీ పక్కనే కేంబ్రిడ్జ్‌లో ఒక ప్లాంటు మొత్తం నడుపుతున్నాడు. ఆ తర్వాత వచ్చినావిణ్ణి, గుడ్డు పెట్టకుండా అరిచే కోడి అన్నావు. ఆవిడ నీ ల్యాబ్‌లో రెండు చలికాలాలు కూడా నిలవలేదు. నీ ఎదురు బల్ల దగ్గర మనిషి ఎందుకు నిలవడో నువ్వెప్పుడైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూశావా?

పుట్టించడమంటే నవ్వుతున్నావు. పిండి రుబ్బినప్పుడు నలగని పప్పు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి. ఆ మాత్రం వంట నాకూ తెలుసు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నలో తప్పేముంది?

పానెళ్ళ ఫొటో సంగతి తర్వాత చూద్దాం. షాపులో పని ఎక్కువగా ఉంది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు కూడా మొదలైంది. హార్మోనియం నా నెత్తిన పడింది.

డేవిడ్‌సన్


హామిల్టన్,
డిసెంబరు

డేవిడ్‌సన్,

నువ్వు హార్మోనియం వాయిస్తున్నావా? పాపం, ఆ సంఘం ఏం పాపం చేసిందో.

ఒక శుభవార్త. మంత్రసాని గొట్టం మూసుకుపోయింది. పొద్దున్న పంపు మొదలుపెట్టింది, తెల్లగా నాలుగు చుక్కలు పడ్డాయి. అందరూ చుట్టూ మూగారు. డైరెక్టర్ ఫోన్ తీసి ఫొటో కూడా తీసుకున్నాడు. కాఫీ తాగి వచ్చేసరికి గొట్టం లోపల గోడలకి సున్నంలా పేరుకుపోయి, ఒత్తిడికి అతుకు ఊడి, పిల్ల కోటంతా తెల్లగా చిమ్మింది. నేను దగ్గరికి వెళ్ళి, "పురుడు కష్టమైందా అమ్మా?" అని అడిగాను. ల్యాబంతా నవ్వింది. ఇద్దరు తెల్లవాళ్ళకి తెలుగు రాకపోయినా నవ్వారు.

పిల్ల నవ్వలేదు. ఏడవనూ లేదు. కోటు విప్పి మడిచి పక్కన పెట్టి, "మేడమ్, మూసుకుపోయింది కాబట్టి గొట్టం తప్పు. కానీ పడిన నాలుగు చుక్కలు చూసిన్రా?" అంది. నేను చూడలేదు. ఎందుకు చూడాలి? నాలుగు చుక్కలతో బస్సు ముంచుతామా?

సరే, అసలు విషయం. మా సరుకు మీద ఎవరో కస్టమర్ గట్టిగా ఫిర్యాదు చేశారట. అందుకే ఈ పిల్లని తెచ్చారట. సూర్యకుమారి చెప్పింది. మా అకౌంట్స్‌లో ఉంటుంది, నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరని అడిగితే మాత్రం, "మీరు బాధపడతారండీ" అని తప్పించుకుంది. నేను బాధపడటమా? నా పాల మీద ఫిర్యాదు రాసినవాడికి ఫాస్ఫేట్ పొరకీ పెరుగు మీగడకీ తేడా తెలియదని నా గట్టి నమ్మకం. ఎవడో తొట్టి కడగని సోమరి, తన మురికి నా మీద తోస్తున్నాడు.

నువ్వు ఇంకా ఫొటో పంపలేదు. రెండుసార్లు అడిగించుకోవడం నీకు కొత్త కాదు గానీ, ఈసారి ఎందుకో నీ మౌనం నాకు నచ్చలేదు.

జ్ఞానసుందరి


విన్నిపెగ్,
జనవరి

అక్కా,

ఆ తొట్టి కడగని సోమరిని నేనే.

ఫిర్యాదు నేను రాశాను. అవసరమైతే మళ్ళీ రాస్తాను. క్షమించమని అడగడానికి కాదు ఈ ఉత్తరం, సోమరి ఎవరో నీకు తెలియాలని.

కొన్నేళ్ళుగా నీ పాలు మా దగ్గర సరిగ్గా పనిచెయ్యడం లేదు. ఒకే ఉక్కు పలక మీద ఒకచోట పలుకులు సన్న పంచదారలా ఉంటాయి, బెత్తెడు దూరంలో కలకండ ముక్కల్లా ఉంటాయి. కలకండ ఉన్నచోట పెయింటు పైపైన నిలుస్తుంది. రోడ్డు మీద చల్లే ఉప్పు రెండు శీతాకాలాలు తగిలితే పెచ్చులు లేస్తుంది. నీ పేరు చెడకూడదని నీ పాలు వడగట్టి వాడించాను. మచ్చలు పడ్డ ఫ్రేములు వెనక్కి తెప్పించి మళ్ళీ ముంచాను. మా వాళ్ళతో, తప్పు మన నీళ్ళదని చెప్పాను. నా మాట నమ్మారు.

పోయిన వేసవిలో ఒక సిటీ బస్సు మెట్టు కింద ఉన్న ఉక్కు చట్రం తుప్పు పట్టి కూలింది. చేతిలో కూరగాయల సంచీతో దిగుతున్న ముసలావిడ కాలు మెట్టులోంచి లోపలికి దిగబడింది. తుంటి ఎముక విరిగింది. ఆ చట్రం మా షాపులో ముంచిందే. నేను ఆస్పత్రికి వెళ్ళి చూశాను. నేనెవరో చెప్పలేదు. ఆవిడ నన్ను చర్చి నుంచి వచ్చాననుకుని ప్రార్థన చెయ్యమంది. చేశాను. బయటికి వచ్చి కారులో కూర్చుని ఫిర్యాదు రాశాను.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? చెబితే ఏమనేదానివి? ఇప్పుడు నీ డిసెంబరు ఉత్తరంలో అన్నావే, సరిగ్గా అదే. నువ్వు వినే మనిషివి కావు. వినే మనిషి నీ పైన ఎవరైనా ఉంటారేమోనని అటు రాశాను.

డేవిడ్‌సన్


హామిల్టన్,
ఫిబ్రవరి

శ్రీ డేవిడ్‌సన్ గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరంతటి నిపుణులు మా సరుకుని పరీక్షించి తీర్పు ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

ఇక్కడ నేను ప్రతి బ్యాచ్‌నీ మిల్లులోంచి తీసినరోజే స్వయంగా పరీక్షిస్తాను. ఒక్కదానిలోనూ కలకండ కనపడలేదు. కాబట్టి పాడైంది తమరి దగ్గరే. మీ ఊళ్ళో ఉమ్మితే నేల తాకేలోపు గడ్డకడుతుందని తమరే చెబుతుంటారు. డ్రమ్ములు షాపు వెనక మంచులో పడేసి, గడ్డకట్టాక కరిగించి వాడి ఉంటారు. గడ్డకట్టిన పాలు విరుగుతాయని కాలేజీలో చదవకపోయినా వంటింట్లో తెలుస్తుంది. వంట తెలుసునని రాశారు కదా.

ఆ ముసలావిడ విషయం చదివాను. ఆవిడ గురించి నాకు చెప్పవలసింది ఏమీ లేదు. తమరికే ఏదైనా ఉంటే ఉండాలి.

ఇకమీదట ఉత్తరాలు కంపెనీ చిరునామాకి, డైరెక్టర్ గారి పేర రాయగలరు. తమరికి అలవాటేగా.

ఇట్లు,
జ్ఞానసుందరి


విన్నిపెగ్,
మార్చి

అక్కా,

"తమరు" బాగుంది. మన ఇంట్లో ఎవరికైనా గౌరవం దక్కాలంటే నీతో తగాదా పడాలన్నమాట.

డైరెక్టర్ గారి పేర రాయను. నీకే రాస్తాను. చించేస్తే చించేయి. చించేముందు ఎలాగూ చదువుతావు.

మీ కంపెనీ రిషితని ఇక్కడికి పంపింది, నీకు తెలిసే ఉంటుంది. బక్కపల్చటి పిల్ల, తనకంటే పెద్ద కోటు వేసుకుని దిగింది. వచ్చీరాగానే "డ్రమ్ములు ఎక్కడ పెడ్తరు అంకుల్?" అని అడిగింది. చూపించాను. అవి ఉండేది వెచ్చటి గదిలో, మా పనివాళ్ళు భోజనం చేసే హాలు పక్కన. నీ మంచు కథ అక్కడితో కరిగిపోయింది. కొత్తగా దిగిన డ్రమ్ములోంచి కొంచెం, పాతదాంట్లోంచి కొంచెం తీసి పక్కపక్కన పరీక్షించింది. కొత్తది బాగుంది, పాతది చెడింది.

అప్పుడు నాకు చెప్పింది. ఇక్కడికి రాకముందే నీకూ చెబుదామని వచ్చిందట, నువ్వు కుర్చీ తిప్పుకున్నావట. అందుకని ఆ పిల్ల మాటల్లోనే రాస్తున్నా: "అంకుల్, చిన్న రేణువు తొందరగ కరుగుతది. కరిగింది పోయి పెద్దదానికి అతుక్కుంటది. రోజులు గడుస్తుంటే చిన్నవి మాయమైతయి, పెద్దవి ఇంకా బలుస్తయి. మేడమ్ పరీక్ష చేసేది తాజా సరుకుని, అందుకే ఆమెకు కనపడదు. ఆమె అబద్ధం చెప్తలేరు. మీరూ చెప్తలేరు. అన్నీ ఒక్క సైజుల ఉంటే ఎవరు ఎవర్ని తింటరు చెప్పండి?"

సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాను. హోప్ చేపల పులుసు పెట్టింది. రిషిత రెండోసారి అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమైందమ్మా అంటే చెప్పింది. మీ గోదాములో నిలవున్న డ్రమ్ములు చాలానే ఉన్నాయట. అవి చెడ్డాయని డైరెక్టర్‌కి చెప్పిందట. ఆయన, "తాజా బ్యాచ్ రిజల్ట్ చూపించు చాలు, పాతవాటి ఊసెత్తకు" అన్నాడట. వచ్చే నెల కస్టమర్లందరితో మీటింగులో ఆ మాట ఈ పిల్ల నోటితోనే చెప్పించబోతున్నాడు.

"చెప్పనని అనొచ్చుగా?" అన్నాను.

"నా వర్క్ పర్మిట్ అయిపోవస్తున్నది అంకుల్. ఇక్కడ్నే ఉండనీకి పీఆర్‌కి అప్లై చేసిన. జాబ్ లెటర్ ఆయనే ఇయ్యాలె. మేడమ్ అయితే అనగలరు. ఆమెకు భయం లేదు. కానీ మేడమ్ నన్ను మనిషి లెక్కనే చూడరు. ఎట్ల అడగాలె?"

హోప్ నా వైపు చూసింది. నేను కంచం వైపు చూశాను.

అక్కా, నువ్వు ఈ దేశపు సిటిజన్‌వి. ఇల్లు నీది. పిల్లల బాధ్యత లేదు. ఒకరి ముందు తలవంచాల్సిన అవసరం నీకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ లేదు. నీ పొగరుతో ఇన్నాళ్ళూ మా ప్రాణాలు తోడావు. అది ఎందుకైనా పనికొస్తుందా లేదా అన్నది ఇప్పుడు తేలుతుంది.

డేవిడ్‌సన్


హామిల్టన్,
ఏప్రిల్

ఒరేయ్,

నువ్వు చెప్పావని నేనేమీ చెయ్యలేదు. ముందు అది గుర్తుపెట్టుకో.

గోదాముకి వెళ్ళి అన్నిటికంటే వెనకున్న డ్రమ్ము తీయించాను. బాగా కలిపించి, ఒక పలక ముంచి, మైక్రోస్కోపు కింద పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంకో పలక ముంచాను. అదీ అంతే. నువ్వు కలకండ అన్నావు, నీకు పోలిక చెప్పడం కూడా రాదు. పగిలిన గాజు పెంకుల్లా ఉన్నాయి. ఆ పెంకుల మీద ఎవరి కాలు పడిందో నువ్వు ముందే రాశావు కాబట్టి, ఆ సాయంత్రం నాకు అన్నం దిగలేదు. ఇంతకంటే ఆ విషయం రాయను.

డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన తాపీగా విని, "కానీ మీ తాజా బ్యాచ్ బాగానే ఉందిగా? అదే చెబుదాం. అబద్ధం కాదుగా" అన్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ధైర్యం లేనివాడురా. నిజాన్నే అడ్డుపెట్టుకుని దాక్కుంటాడు. ఇన్నేళ్ళు ఈ మనిషి కింద పనిచేశానా అనిపించింది. దొంగని చూస్తే కోపం వస్తుంది. ఇలాంటివాణ్ణి చూస్తే చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.

మీటింగులో మీ మేనేజర్ కూడా స్క్రీన్ మీద ఉన్నాడు. ఏం జరిగిందో నీకు చెప్పే ఉంటాడు. ఆ ముఖం చూస్తే సగమే అర్థమైనట్టుంది, మిగతా సగం నేను చెబుతాను.

డైరెక్టర్ నవ్వుతూ, "మా కొత్త సైంటిస్టు రిజల్ట్ వివరిస్తుంది" అన్నాడు. రిషిత లేచింది. తాజా పలక ఫొటో స్క్రీన్ మీద పెట్టింది. పట్టులాంటి పొర, నా బ్యాచే. కేంబ్రిడ్జ్ నుంచి ఒకాయన అడిగాడు: "ఇప్పుడు మా దగ్గరున్న సరుకూ ఇలాగే ఉంటుందా?" ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నా తడిగుడ్డ శ్రీరామ్.

పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. డైరెక్టర్ వైపు చూసింది. ఉంటుందని చెప్పమన్నట్టు ఆయన తల ఆడించాడు. 

"ఆ ప్రశ్నకి జవాబు నేను చెప్పాలి" అని లేచాను. "కూర్చో రిషితా. శ్రీరామ్ గారూ, ఈ సరుకు నేను చేశాను. తాజాగా ఉన్నప్పుడు ఇలా ఉంటుంది. నిలవుంటే ఇలా అవుతుంది." నా ఫోన్లో ఉన్న ఆ గోదాము సరుకు పలక ఫొటో తెరిచి కెమెరాకి అడ్డంగా పెట్టాను. "మీ దగ్గరున్నదీ, మా గోదాములో ఉన్నదీ నిలవ సరుకే. వాడకండి. ఈ మాట ముందు పట్టుకుంది ఈ అమ్మాయి. నేను నమ్మలేదు. చూశాక నమ్మాను."

డైరెక్టర్, "ఆవిడకి ఒంట్లో బాగాలేదు" అని ఏదో గొణిగాడు. "నాకు శుభ్రంగా ఉంది" అన్నాను. "మీకు ఇప్పటి నుంచి ఉండదు."

 శ్రీరామ్, "థాంక్యూ మేడమ్" అన్నాడు. అంతే. ఒకప్పుడు నేను నోటికొచ్చినట్టు అన్నప్పుడు కూడా వాడు ఇదే గొంతుతో థాంక్యూ మేడమ్ అనేవాడు.

మర్నాడు ల్యాబ్ బాధ్యత నా చేతిలోంచి తీసేశారు. పూర్తిగా పంపేద్దామని డైరెక్టర్ సరదా పడ్డాడు గానీ, కస్టమర్లు ఇద్దరు ఫోన్ చేసి "ఆవిడ లేకపోతే మేమూ ఉండం" అన్నారట. బాధ్యత రిషితకి ఇచ్చారు. మాట వినే మనిషని అనుకుని ఇచ్చి ఉంటాడు. జాబ్ లెటర్ కూడా ఇవ్వక తప్పలేదు, బాధ్యత అప్పగించాక ఆ ముక్క ఎలా ఎగ్గొడతాడు?

సాయంత్రం రిషిత పార్కింగ్‌లో నా కారు దగ్గర నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మేడమ్, నేను చెప్పాల్సింది. నాకు నోరు రాలేదు."

"రాలేదని నేనూ చూశాను" అన్నాను. "నీ సైన్సుకి వెన్నెముక ఉంది, నీకే ఇంకా రాలేదు. ఏడవకు. ఏడ్చినందుకు గొట్టం తెరుచుకోదు. ఎన్నాళ్ళని మూసుకుపోతూ ఉంటుంది అది? రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా మిల్లులో నేనొక మందు కలుపుతాను. నువ్వది రేణువులు పుట్టాక కలుపుతున్నావు. పుట్టకముందే కలుపు. పుట్టగానే ఒంటికి పట్టుకుంటుంది, గోడకి అంటుకోదు. ఇంత చిన్న సంగతి అడగడానికి నీకు నోరు లేదా?"

"అడిగితే చెప్పేవారా?"

కారు ఎక్కి వచ్చేశాను. 

అక్క


విన్నిపెగ్,
జూన్

అక్కా,

రిషిత గొట్టంలోంచి వచ్చిన పాలు దిగాయి. దిగిన రోజు వాడలేదు. మీ ఇద్దర్లో ఎవర్నీ నమ్మే పరిస్థితిలో లేను. వెచ్చటి గదిలో వారాల తరబడి పెట్టి, మా మేనేజర్ సణుగుతున్నా పట్టించుకోకుండా, బాగా పాతబడ్డాక ముంచాను. పలక ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే తీరు. హోప్‌కి ఫొటో చూపిస్తే, "చీర అంచు బాగుంది, ఎక్కడ కొన్నారు?" అంది.

ఆ ముసలావిణ్ణి చూడ్డానికి మళ్ళీ, ఆవిడ ఇంటికే వెళ్ళాను. ఈసారి నేనెవరో చెప్పాను.  ఆవిడ, "మళ్ళీ జరగదు కదా?" అని అడిగింది. జరగదన్నాను. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి తలుపు వేసుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

మీటింగులో నువ్వు చేసింది మా మేనేజర్ నాకు మూడుసార్లు చెప్పాడు, ప్రతిసారీ కొంచెం తప్పుగా. ఇలాంటి మాట నా నోట్లోంచి మళ్ళీ రాదు కాబట్టి జాగ్రత్తగా చదువుకో: బాగా చేశావు.

కొత్త ఆఫీసరమ్మ ఎలా చూసుకుంటోంది నిన్ను? నీకూ ఏదైనా పేరు పెట్టిందా?

డేవిడ్‌సన్


హామిల్టన్,
జూలై

ఒరేయ్ డేవిడ్‌సన్,

పేరు పెట్టలేదు. అంత తెలివి ఉంటే బాగుపడేది.

నీ మెచ్చుకోలు దాచుకో, నాకు అక్కర్లేదు. ఆవిడ దగ్గరికి వెళ్ళి నువ్వెవరో చెప్పావే, అది మాత్రం మన ఇంట్లో పుట్టినవాడు చెయ్యాల్సిన పనే.

ఇప్పుడు గొట్టం దగ్గర నేనూ పనిచేస్తున్నాను. మిల్లుకి గుడ్డ కప్పేశారు. మొదట్లో ఆ గొట్టం ముందు కూర్చుంటే ఆవు లేకుండా పాలు పితుకుతున్నట్టు ఉండేది. చేతికి పనిలేదు, చెవికి చప్పుడు లేదు. ఒక మరని తిప్పి, చుక్కలు పడుతుంటే చూస్తూ ఉండాలి. ఇది కూడా ఒక పనేనా అని అందరికీ వినపడేలా అన్నాను.

నిన్న నా మొదటి బ్యాచ్ తీసుకెళ్ళి రిషిత బల్ల మీద పెట్టాను. పెట్టేటప్పుడు కొంచెం చప్పుడయ్యేలానే పెట్టాననుకో. పరీక్షించింది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఇది పంపలేం. చివర్ల కొన్ని పెద్ద రేణువులున్నయి. మళ్ళ చెయ్యాలె."

కళ్ళు దించలేదు. ల్యాబంతా పనులు ఆపి నా నోటి వైపు చూస్తోంది, ఇప్పుడు ఏం ఊడిపడుతుందోనని. నాకూ నాలుగైదు మాటలు నాలిక చివరిదాకా వచ్చాయి, మంచి మంచివి. రేణువుల సైజులు గీత గీసి చూపించే స్క్రీన్ వైపు చూశాను. నున్నగా లేచి దిగాల్సిన గీత కుడివైపు, పెద్ద సైజులుండే వైపు, కొంచెం సాగి ఉంది. పంపు వేగం నేను తొందరపడి పెంచాను, అదీ కారణం. ముదనష్టపు పిల్ల, సరిగ్గానే పట్టుకుంది.

"సరే" అన్నాను.

నా బ్యాచ్‌ని ఇంతవరకు ఎవరూ తిప్పి పంపలేదురా. తీసుకెళ్ళి పారబోసి, సీసాలు కడిగి, మళ్ళీ మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి తను వచ్చి పక్కన నిలబడింది.

"దూరంగా నిలబడు. వెలుతురుకి అడ్డం" అన్నాను.

కదల్లేదు.

అక్క